పుదుచ్చేరిలో కారు నోరు విప్పింది

నా ఎడమ చెవి పనిచేయడం మానేసి నాలుగేళ్ళయింది. కుడి చెవి మాత్రం బంగారం. క్లాసులో చివరి బెంచీ గుసగుసలు పట్టుకున్న చెవి అది. చిక్కల్లా ఏమిటంటే, మన దేశంలో కారు నడిపేవాళ్ళు కుడివైపు కూర్చుంటారు. పక్కన కూర్చున్న మనిషి, దారి చెప్పే ఫోను, రెండూ ఎడమవైపే ఉంటాయి. నాకు వాళ్ళు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

యాభై ఆరో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నాను. లైసెన్సు మొదటిసారికే వచ్చింది. కిందటేడు మా తమ్ముడి కారు అడిగి తీసుకుని తెనాలి నుంచి గుంటూరు వెళ్తుంటే, మావారు పక్కనుంచి "ఎడమకి, ఎడమకి" అని అరిచారట. నేను తిన్నగా వెళ్ళి, ఒకవైపే వెళ్ళాల్సిన రోడ్డులో లారీకి ఎదురుపడ్డాను. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ తిరుగు ప్రయాణంలో ఆయన కారెక్కకుండా బస్సులో వచ్చారు, అది చూసి నాకూ భయం వేసింది.

అయినా రిటైరయ్యాక నాకంటూ ఒక కారు ఉండాలన్న కోరిక చావలేదు. పుదుచ్చేరిలో తెలిసినవాళ్ళ తాలూకు పెద్దాయన ఒకరు తన చిన్న కారు అమ్మేస్తున్నారని నాతో పనిచేసిన లెక్కల టీచరు చెప్పింది. దానికి పెద్ద స్క్రీను, నాలుగు తలుపులకీ స్పీకర్లు పెట్టించారట. ఆ మాట వినగానే నా బుర్రలో దీపం వెలిగింది. ఫోను చెప్పే దారి కుడి తలుపు స్పీకర్లోంచి వస్తే, అది నేరుగా నా మంచి చెవిలోకే వస్తుంది.

మావారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, షరతులు లేకుండా దేనికీ సంతకం పెట్టరు. "ఫోను ఆ కారులోంచి మాట్లాడాలి, అది నీకు వినబడాలి, నేను నోరెత్తకుండా నువ్వు ఊరు దాటాలి. అప్పుడు కారు తీసుకుందాం, తెనాలి దాకా నువ్వే నడుపు. లేదంటే బస్సెక్కి వచ్చేద్దాం. ఇంక స్టీరింగ్ మాట ఎత్తకూడదు" అన్నారు. సరేనన్నాను. అన్నాక రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

రెడ్డియార్‌పాళయం

దిగిన పొద్దున్నే కారు యజమాని వరదరాజులుగారు వాకిట్లోనే నిలబడి ఉన్నారు. కరెంటు శాఖలో లైన్‌మన్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. మోకాళ్ళ నొప్పితో క్లచ్ తొక్కలేక కారు వదిలేస్తున్నారు. వాళ్ళ ముత్తాతల కాలంలో ఇటు వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు.

"రండమ్మా. బస్సులో నిద్ర పట్టిందా? యాడన్నా కాఫీకి నిలిపినాడా, లేదా?" అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. చెన్నై దాటినప్పటి నుంచి మావారి నోట తప్ప చెవిన పడని భాష, కొంచెం యాస మారి, ఆ వాకిట్లో వినబడింది. ఆయన భార్య ధనలక్ష్మి వదిన, నాకంటే రెండేళ్ళు పెద్దదైనా, ఆ ఊరి అలవాటు ప్రకారం నన్నే అక్కా అంది. "టీచరమ్మ అంట గదా. తెలుగు టీచరమ్మ. ఈయన నిన్నట్నించీ ఇల్లు చిమ్మతానే ఉండాడు అక్కా" అని ఆయన పరువు తీసేసింది.

భోజనంలో తేడాలు చెప్పాలి. మా తెనాలిలో మొదటి ముద్ద పచ్చడితో మొదలవుతుంది. వీళ్ళింట్లో పచ్చడి ఊసే లేదు, సాంబారుతోనే మొదలు. కానీ ఆ పోపు వాసన నాకు అంతకుముందు ఎక్కడా తగల్లేదు. అడిగితే వదిన డబ్బా తెచ్చి చూపించింది. ఉల్లి, వెల్లుల్లి, ఆవాలు దంచి ఉండలు చేసి, ఆముదం రాస్తూ రోజుల తరబడి ఎండబెడతారట. వడగం అంటారు. చిటికెడు నూనెలో వేస్తే ఇల్లంతా వాసన. నేను తెనాలి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి సీసా ఇచ్చాను. మావారు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నారు. కారు గురించి మాత్రం ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

సాయంత్రం అసలు పని మొదలైంది. వాకిట్లో ఎర్ర రంగు చిన్న కారు, కడిగి తుడిచి ఉంది. నేను ఫోను బయటికి తీశాను. ముప్పై మూడేళ్ళు తెలుగు చెప్పినదాన్ని, నా ఫోను పూర్తిగా తెలుగులోనే ఉంటుంది. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

"ఇట్లియ్యండమ్మా ఫోను, నేను చూస్తా. మీరు పోయి సీట్లో కూచోండి. బండి ఇంక మీది గదా" అన్నారు వరదరాజులుగారు. పెద్దాయన అంత మర్యాదగా అడిగితే ఎలా కాదంటాను? ఫోను చేతికిచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. ఆయన తలుపు పక్కన నిలబడి ఫోను వంక చాలాసేపు చూసి, గంభీరంగా తల ఊపి, ఏదో నొక్కారు. స్క్రీను మీద ఒక నంబరు, కింద రెండు మీటలు వచ్చాయి.

"అన్నయ్యా, ఏదో అడుగుతోంది."

"సెరి అనండమ్మా."

స్క్రీను తమిళంలో ఉంది. అది నాకు చదవడం రాదని అప్పుడే చెప్పి ఉంటే ఈ కథే లేదు. కానీ తెల్లారాక చెన్నై నుంచి వస్తూ దారి పొడుగునా తమిళం బోర్డులు చదివి మావారికి వినిపించాను. పక్కనే ఇంగ్లీషు ఉంటుంది కాబట్టి చదవడం సులువే. అంత గొప్పలు పోయాక, ఆయన వెనక సీట్లోంచి చూస్తుండగా, రాదని ఎలా చెప్పను? ముందు కనిపించిన మీట నొక్కాను. స్క్రీను ఖాళీ అయిపోయింది.

అలా మూడుసార్లు. ప్రతిసారీ ఆయన తల ఊపడం, నేను ధైర్యంగా నొక్కడం, అంతా మాయమైపోవడం. నాలుగోసారి మొదలెట్టకముందే మావారు కారు దిగి, "సముద్రం చూసొద్దాం పద" అన్నారు.

సాయంత్రం బీచి రోడ్డులోకి బండ్లను రానివ్వరు, మనుషులే నడుస్తారు. ఊరు ఊరంతా గాలికోసం వచ్చినట్టు ఉంది. వేడి వేడి శనగల సుండల్, అంటే మన గుగ్గిళ్ళే, కాగితం పొట్లం ఇరవై రూపాయలు, మామిడికాయ తురుము దండిగా వేశాడు. మావారు హాయిగా తిన్నారు. నాకు రుచి తెలియలేదు.

కోసపాళయం

మర్నాడు వరదరాజులుగారే మమ్మల్ని కోసపాళయం తీసుకెళ్ళారు. చిన్న చిన్న పనివాళ్ళ వీధులు. ఒకడు కుట్టుమిషను విప్పుతుంటాడు, పక్కవాడు గొడుగు బాగుచేస్తుంటాడు. ఇద్దరికీ కలిపి ఒకే టీ కుర్రవాడు అని అనుకున్నాను గానీ, చూస్తే ఎవరి టీ వాళ్ళే తెచ్చుకుంటున్నారు. మా ఊళ్ళో అలా కుదరదు, దుకాణం వదిలి టీకి వెళ్తే పరువు తక్కువ.

కారు స్టీరియోలు బిగించే దుకాణాయన తన ఫోను తీసి, స్క్రీను మీద రెండుసార్లు నొక్కాడు. మరుక్షణం కారు మొత్తం పాట అందుకుంది. తర్వాత నా ఫోను చేతిలోకి తీసుకుని, తెలుగు చూసి, వరదరాజులుగారికి ఇచ్చేశాడు. "నువ్వు తెలుగాయనవి గదా, నువ్వే నొక్కు అంటా ఉండాడు" అని ఆయనే నాకు చెప్పి, నొక్కారు. నేను స్క్రీను మీద నొక్కాను. ఖాళీ. "బండి నల్లాగానే, బాగానే ఉండాదంట. ఫోను చెడిపోయిందంట" అన్నారు.

నాలుగు అడుగుల అవతల ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. అతను వైరు లేని ఇయర్‌ఫోను ఒకటి ఇచ్చి కలిపి చూడమన్నాడు. నా చేత్తోనే నొక్కాను, టక్కున కలిసింది. ఫోనుకి ఏ జబ్బూ లేదన్నాడు, డబ్బులు కూడా తీసుకోలేదు.

"ఫోనూ బాగుంది, కారూ బాగుంది" అన్నారు మావారు. "ఇంక బాగాలేనిది…" అని ఆగిపోయారు.

ఆ ఆగడం ఉంది చూశారూ, అది నాకు లారీకి ఎదురుపడ్డప్పటికంటే గట్టిగా తగిలింది. ఆయన కావాలని అనలేదు. అందుకే ఇంకా ఎక్కువ బాధేసింది.

వంటింట్లో

భోజనాలయ్యాక మావారు, వరదరాజులుగారు కలిసి బస్సు టిక్కెట్లకి బయల్దేరారు. నేను వద్దనలేదు. మాట మాటే. వంటింట్లో కూర్చుని వదినకి చింతపండు పిసికి ఇస్తున్నాను.

నా ముఖం చూసి ఆవిడ మాట మార్చింది. "అక్కా, ఆ గోంగూర ఎట్ల చేసేది రాసిస్తావా? మా మనవరాలికి నచ్చేసింది, సీసాలో సగం లేదు."

కాగితం మీద రాసి ఇచ్చాను. ముత్యాల్లాంటి అక్షరాలు, నా అక్షరాలకి జిల్లాలో పేరు. ఆవిడ ఆ కాగితం తిరిగి నా చేతిలోనే పెట్టి, పెన్ను తీసుకుంది. "చదువు. నేను అరవంలో రాసుకుంటా."

"తెలుగులోనే రాశానుగా వదినా."

"మాకు తెలుగు నోట్లోనే ఉండాది అక్కా. కంట్లోకి రాలా. బడిలో అంతా అరవమే గదా. ఈ ఇంట్లో ఎవురికీ తెలుగు అచ్చరం తెలీదు."

"అన్నయ్యగారికి కూడానా?"

"ఆయనకు మాత్రం యాడ వస్తాది."

చింతపండు గిన్నె పక్కన పెట్టేశాను. "మరి నిన్న నా ఫోను తీసుకుని…"

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏందో నొక్కినాడంట. రాత్రి చెప్తా ఉండాడు, 'తెలుగు టీచరమ్మ ముందర నాకు తెలుగు చదవను రాదని ఎట్ల చెప్పేది, సిగ్గుగా ఉండాది' అని. పోనీలే, ఆ యమ్మ సూస్తా ఉండాది గదా అనుకున్నాడంట."

మొదట నవ్వొచ్చింది. వెంటనే నా సంగతి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. నేనేమన్నా తక్కువ తిన్నానా? "వదినా, నాకూ తమిళం ఒక్క అక్షరం రాదు. అన్నయ్యగారు ఎదురుగా ఉన్నారు గదా అని నేనూ నొక్కేశాను."

"మరి బోర్డులన్నీ చదివినావంట?"

"పక్కన ఇంగ్లీషు ఉంటుంది."

ఆవిడ గోడకి చేరబడి కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఆవిడ నవ్వుతుంటేనే నాకు జరిగిందంతా కళ్ళకు కట్టింది. తెలుగు చదవలేని మనిషి చేతిలో తెలుగు ఫోను. తమిళం చదవలేని మనిషి ఎదుట తమిళం స్క్రీను. ఇద్దరమూ తెలుగులో కమ్మగా మాట్లాడుకుంటూ ఒకరినొకరు నమ్మేశాం. స్క్రీనుని ఇంగ్లీషులోకి మార్చుకుంటే పోయేది కదా అని మీరు అడగవచ్చు. ఆ మార్చే చోటు కూడా తమిళంలోనే ఉంది.

"వదినా, చెయ్యి కడుక్కో. కార్లో కూర్చోవాలి."

"నేనా? డ్రైవర్ సీట్లోనా? బండి కొన్న ఎనిమిదేండ్లలో ఒక్కనాడు కూచోలా అక్కా. నాకేం తెలీదు."

"నడపక్కర్లేదు. చదివితే చాలు. రోజూ పేపరు చదువుతావుగా."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, చీర సవరించుకుని, అద్దంలో ఒకసారి ముఖం కూడా చూసుకుని కూర్చుంది. తాళం తిప్పి నేను పక్క సీట్లోకి వెళ్ళాను. అప్పుడు గమనించాను, ఇటు కూర్చుంటే నా మంచి చెవి ఆవిడవైపే ఉంది. ఒక్క మాట పొల్లుపోకుండా వినబడుతోంది.

"ఇందులో ఆయన పాత ఫోన్ల పేర్లు రెండు ఉండాయి. తీసేయమంటావా?"

"తీసెయ్."

"కొత్త ఫోను కావాల్నా అంటా ఉండాది. నొక్కినా. నంబరు వచ్చింది. మూడు, తొమ్మిది, ఒకటి, సున్నా, ఐదు, ఐదు."

నా ఫోనులోనూ అదే. "కింద ఏముంది?"

"ఎడమ పక్క 'వేండాం'. కుడి పక్క 'సెరి'."

నిన్నటి నుంచి నేను పట్టుదలగా నొక్కుతున్నది ఆ ఎడమ పక్కదే. వేండాం అంటే వద్దు అని చిన్నప్పటి నుంచి నా చెవికి తెలుసు. కంటికి తెలియదు. కారుని నాలుగుసార్లు నేనే స్వయంగా వద్దన్నాను.

"కుడి పక్కది నొక్కు వదినా." నేను నా ఫోనులో 'జత చేయి' నొక్కాను. తర్వాత అది కాంటాక్టులకి అనుమతి అడిగింది, ఇచ్చాను. స్క్రీను మీద నా పేరు తెలుగులో వెలిగింది. వదిన దాన్ని వేలితో తడిమి, "ఇది నువ్వేనా" అంది. మ్యాపు తెరిచి, ఊరు దాటగానే వచ్చే అరియాంకుప్పం పేరు చెప్పి, బాణం గుర్తు నొక్కాను.

కారు నోరు విప్పింది. "ఉత్తరం వైపుగా వెళ్ళండి."

"ఎవురు మా అది" అని వదిన ఉలిక్కిపడి స్టీరింగ్ పట్టుకుంది. మళ్ళీ చెవి రిక్కించి విని, "మన తెలుగు మాదిరి లేదే. నీ తెలుగు మాదిరి ఉండాది" అని తేల్చింది.

అరియాంకుప్పం దాకా

టిక్కెట్లు పట్టుకుని వాళ్ళు వచ్చేసరికి నేను డ్రైవర్ సీట్లో, వదిన వెనక సీట్లో కూర్చుని ఉన్నాం. "ఎక్కండి" అన్నాను. మావారు స్పీకరు మాట విని ఏదో అడగబోయారు. "నోరెత్తకూడదన్నది మీరే" అన్నాను. ఆయన నా పక్కన, వరదరాజులుగారు వెనక ఎక్కారు.

రెడ్డియార్‌పాళయం నుంచి బయటపడేసరికి స్కూటర్లు అన్ని వైపులనుంచీ దూరిపోతున్నాయి. మా తెనాలిలో హారను కొట్టి దూరతారు, ఇక్కడ కొట్టకుండానే దూరతారు, అంతే తేడా. "రెండు వందల మీటర్లలో కుడివైపుకు తిరగండి" అంది కారు, నా కుడి చెవిలో, మామూలు గొంతుతో. తిరిగాను.

నాలుగేళ్ళుగా అందరూ నాతో అరుస్తూనే మాట్లాడుతున్నారు. పాలవాడు అరుస్తాడు, అల్లుడు అరుస్తాడు, మావారు ప్రేమగా కూడా అరుస్తారు. అరుపు వినీ వినీ నేను తప్పు చేసినదాన్నన్న భావం ఒంటికి పట్టేసింది. ఆ రోడ్డు మీద ఎవరో నాతో అరవకుండా, చిరాకు పడకుండా, సమయానికి ముందే మాట్లాడారు. కళ్ళు చెమర్చాయి, కానీ ఎదురుగా బస్సు ఉంది కాబట్టి ఏడవడానికి వీల్లేకపోయింది.

నది మీది వంతెన ఎక్కుతుండగా కారంతా గంట మోగింది. ఫోను. మా చెల్లెలు. ఏం నొక్కానో తెలియదు, దాని గొంతు నాలుగు తలుపులనుంచీ వచ్చింది. "అక్కా, కారు కుదిరిందా? బావ ఇంకా సాధిస్తున్నాడా? ఆయన భయం ఆయనది, నువ్వు మాత్రం వదలొద్దు."

"బావ పక్కనే ఉన్నారు, వింటున్నారు" అన్నాను. అటు టక్కున ఆగిపోయింది. ఆయన కిటికీలోంచి నీళ్ళవైపు తల తిప్పుకున్నారు.

అరియాంకుప్పంలో టీ కొట్టు ముందు, చెట్టు నీడ చూసి మరీ ఆపాను. వదిన జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. వరదరాజులుగారు తల వంచుకుని, "తప్పు నాదేనమ్మా. చదవను రాదని ఒక మాట చెప్పుంటే సరిపోయేది" అన్నారు.

"సగం నాది అన్నయ్యా. నేను టీచర్ని, రాదని చెప్పడం నాకే ముందు తెలిసుండాలి."

మావారు అందరికీ టీ, మసాలా వడ చెప్పారు. వడ ఎనిమిది రూపాయలు, మా ఊరి వడకంటే పెద్దది. తిని చెయ్యి తుడుచుకుని, జేబులోంచి టిక్కెట్లు తీసి నాకిచ్చారు. "వీటిని రద్దు చేయడం ఎట్లాగో ఆ ఫోనులో చూడు" అన్నారు. తర్వాత, నా కుడివైపుకి వచ్చి, అరవకుండా, "పొద్దున దుకాణం దగ్గర అట్లా అనకుండా ఉండాల్సింది" అన్నారు.

తిరుగు దారి

మూడో రోజు తెల్లారి బయల్దేరాం. వదిన పెద్ద పొట్లం నిండా వడగం ఇచ్చింది. స్క్రీను భాష ఎక్కడ మార్చాలో వేలు పెట్టి చూపించింది కానీ నేను మార్చలేదు. 'సెరి', 'వేండాం' రెండూ గుర్తుపట్టడం నేర్పించుకున్నాను, ప్రస్తుతానికి అవి చాలు. తలుపు దగ్గర నిలబడి, "టిండివనం దాటినాక నాకు ఫోన్ చెయ్యి అక్కా, నీ గొంతు కాదు, ఆ యమ్మ గొంతు వినిపించు" అంది.

మావారు పుదుచ్చేరి పొలిమేర దాకా రెండు చేతులతో పైనున్న పిడి పట్టుకున్నారు. టిండివనం దగ్గర ఒక చెయ్యి వదిలారు. చెన్నై దగ్గర మాత్రం తను మేలుకుని ఉండాలని, అక్కడ వంతెనలు ఎక్కువని, మ్యాపుని నమ్మకూడదని గట్టిగా చెప్పారు. నేను తల ఊపాను. కారు దాని మానాన అది చెబుతోంది, నేను నా మానాన తిప్పుతున్నాను. ఎక్కడ తిరగాలో తెలిసిన మనిషికి ఎంత తీరిక ఉంటుందో ఆ దారిలో తెలిసింది. రోడ్డు పక్క చెరువులు చూశాను, కొంగలు చూశాను.

ఎండ నెత్తికెక్కేవేళ ఆయన కళ్ళు తెరిచారు.

"చెన్నై ఇంకా ఎంత దూరం?"

"దాటి గంటయింది. తడ కూడా వెనకే పోయింది."

ఆయన లేచి కూర్చుని అద్దంలోంచి చూశారు. బోర్డులన్నీ తెలుగులో ఉన్నాయి. కారు నా చెవిలో ఏదో చెప్పింది, నేను లారీని దాటి ఎడమ వరుసలోకి వచ్చాను. ఆయన కాసేపు నన్నే చూశారు. సీటు పక్కనున్న మీట వెతికి, వెనక్కి వాల్చుకుని, మళ్ళీ పడుకున్నారు.